నొప్పికి వెలుతురు వైద్యం: ఆసుపత్రి నుంచి ఇంటి దాకా

ఏళ్ల తరబడి నడుము నొప్పితోనో, ఒళ్లంతా సలిపే ఫైబ్రోమయాల్జియాతోనో బాధపడేవారికి ఈమధ్య ఒక సలహా వినిపిస్తోంది. రోజూ పొద్దున్నే లేచి గంటసేపు ప్రకాశవంతమైన దీపం ముందు కూర్చోవాలి, లేదా కళ్లకు వెలుతురు అందించే ప్రత్యేకమైన కళ్లజోడు పెట్టుకోవాలి. ఇది ఎవరో గాలిలోంచి పుట్టించిన మాట కాదు. దీని వెనక నాలుగు దశాబ్దాల పరిశోధన ఉంది. అయితే ఆ పరిశోధన మొదలైంది నొప్పి గురించి కాదు.

వెలుతురుకు ఆధునిక వైద్యంలో పరువు తెచ్చినవాడు డెన్మార్క్‌కు చెందిన నీల్స్ ఫిన్‌సెన్. చర్మానికి సోకే క్షయను కాంతి కిరణాలతో నయం చేసినందుకు 1903లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు. అది చర్మం మీద పనిచేసే వెలుతురు. నేటి దీపం పనిచేసేది కంటి ద్వారా. ఆ కథ 1980లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో మొదలైంది. ఆల్‌ఫ్రెడ్ లూవీ బృందం రాత్రివేళ 2,500 లక్స్ (వెలుతురు తీవ్రతకు కొలమానం) వెలుతురు చూపితే మనుషుల్లో మెలటోనిన్, అంటే రాత్రయిందని ఒంటికి చెప్పే హార్మోన్, పడిపోతుందని నిరూపించింది. గదిలో వెలిగే మామూలు దీపాలు అందుకు చాలలేదు.

అదే సంస్థకు హెర్బర్ట్ కెర్న్ అనే ఇంజనీరు వచ్చాడు. ప్రతి శీతాకాలం తాను ఎలా కుంగిపోతున్నాడో ఏళ్లపాటు రాసిపెట్టుకున్న మనిషి. వైద్యులు ఆయన్ను పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు దీపాల ముందు కూర్చోబెట్టి చలికాలపు పగటిని సాగదీశారు. కొద్ది రోజుల్లోనే ఆయన తేరుకున్నాడు. ఒక రోగి తన బాధను ఓపికగా నమోదు చేసుకోవడం వల్లే ఈ దారి తెరుచుకుందన్నది మరవకూడదు. 1984లో నార్మన్ రోసెంథాల్ బృందం ఈ శీతాకాలపు కుంగుబాటును వివరంగా వర్ణించింది. క్రమంగా 10,000 లక్స్, అరగంట అన్న కొలత స్థిరపడింది.

నొప్పి దగ్గరికి వచ్చేసరికి తొలి అడుగే తడబడింది. 1996లో ఫైబ్రోమయాల్జియా ఉన్న మహిళలపై జరిగిన పరీక్షలో మసక వెలుతురు కన్నా ప్రకాశవంతమైన వెలుతురు మెరుగైన ఫలితమేమీ ఇవ్వలేదు. మళ్లీ ఆశ చిగురించింది 2005లో. పిట్స్‌బర్గ్‌లోని ఒక ఆసుపత్రిలో వెన్నెముక శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో, ఎండ బాగా వచ్చే గదుల్లో పడుకున్నవారు గంటకు సగటున 22 శాతం తక్కువ నొప్పి మందులతో సరిపెట్టుకున్నారు.

ఈలోగా కంటి గురించిన అవగాహనే మారిపోయింది. 1998లో ఇగ్నాసియో ప్రోవెన్సియో బృందం కప్ప చర్మంలో మెలనాప్సిన్ అనే వర్ణకాన్ని కనుగొంది. అదే వర్ణకం మన రెటీనాలోని, అంటే కంటి వెనక పొరలోని, కొన్ని నాడీకణాల్లోనూ ఉంది. వెలుతురు ఎంత ఉందో పసిగట్టి నిద్రనూ మెలకువనూ నడిపే మెదడులోని జీవ గడియారానికి చేరవేయడం ఆ కణాల ప్రధాన విధుల్లో ఒకటి. నిద్ర చెడితే నొప్పి పెరుగుతుందని తెలిసిందే కాబట్టి, గడియారాన్ని సరిచేస్తే నొప్పి తగ్గుతుందేమో అన్న ఆలోచన బలపడింది.

ఆ ఆలోచనను ఇళ్లలోకి తెచ్చినవారిలో నిద్ర పరిశోధకురాలు హెలెన్ బర్జెస్ ముఖ్యురాలు. ఒంటి నొప్పులతో ఉన్నవారిని రోజూ తెల్లవారి ఆసుపత్రికి రమ్మనడం కుదరని పని. అందుకే 37 మంది మాజీ సైనికులకు నడుము నొప్పి కోసం ఇంట్లోనే 13 రోజులపాటు ఉదయం గంటసేపు వెలుతురు అందించే ఏర్పాటు చేశారు. నొప్పి తగ్గింది, నిద్ర మెరుగైంది. కానీ పోల్చి చూడటానికి రెండో బృందం లేదు. 2023లో ఫైబ్రోమయాల్జియా రోగులపై వెలువడిన అధ్యయనంలో ఆ లోటు తీర్చారు. ఒక బృందానికి ప్రకాశవంతమైన వెలుతురు, మరో బృందానికి మసక వెలుతురు, నాలుగు వారాలు. రెండు బృందాల్లోనూ బాధ తగ్గింది.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా కీలకంగా తోచేది ఇదే. మాత్ర విషయంలో మందు లేని మాత్ర ఇచ్చి రోగికి తెలియకుండా దాచవచ్చు. వెలుతురును అలా దాచలేం. మసక వెలుతురు కూడా పనిచేసిందా, రోజూ ఒకే వేళకు లేవడం పనిచేసిందా, తమను ఎవరో పట్టించుకుంటున్నారన్న ధీమా పనిచేసిందా అన్నది తేలాలి. ఇవి తేలకుండానే దీపాల పెట్టెలను నొప్పికి మందుగా అమ్మడం, ఇప్పటికే అలసిపోయిన రోగులకు చేసే అన్యాయం. అలాగని ఆ రోగుల ఉపశమనం ఉత్త భ్రమ అని కొట్టిపారేయడమూ అన్యాయమే.

ఇంకో పాయ ఆకుపచ్చ వెలుతురుది. ఆరిజోనా విశ్వవిద్యాలయంలో మొహాబ్ ఇబ్రహీం, రాజేష్ ఖన్నా బృందం 2017లో అది ఎలుకల్లో నొప్పిని తగ్గిస్తుందని చూపింది. కాంతి చొరని లెన్సులు కళ్లకు తొడిగితే ఆ ప్రభావం పోయింది. ఆ తర్వాత పార్శ్వపు నొప్పి (మైగ్రేన్), ఫైబ్రోమయాల్జియా ఉన్నవారిపై చిన్న పరీక్షలు జరిగాయి. పెద్దవి జరగాల్సి ఉంది.

దీపం చలికాలంలో పొద్దు కురచైపోయే దేశాల అవసరం నుంచి పుట్టింది. మబ్బు పట్టిన పగలు కూడా ఆరుబయట వేల లక్స్ వెలుతురు ఉంటుంది. కిటికీలకు పరదాలు దించిన గదిలో రెండు మూడు వందలు దాటదు. కాబట్టి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్నవారు పెట్టె కొనేముందు పొద్దున కాసేపు వాకిట్లో కూర్చుని చూడవచ్చు, సూర్యుడి వైపు నేరుగా చూడకుండా. మిచిగన్ డిసెంబరులో ఉన్న తెలుగువారి సంగతి వేరు. దీపమే వాడదలిస్తే, రెటీనా జబ్బులు ఉన్నవారు, ఎండకు ఒళ్లు పేలేలా చేసే మందులు వాడేవారు, బైపోలార్ సమస్య (మనసు ఉప్పొంగడం, కుంగిపోవడం మారిమారి వచ్చే జబ్బు) ఉన్నవారు ముందు వైద్యుణ్ని అడగాలి. పార్శ్వపు నొప్పి ఉన్నవారికి ప్రకాశవంతమైన తెల్లని వెలుతురే నొప్పిని రేపవచ్చు.