రాడ్డు ఒంటికి పడుతుందో లేదో రక్తం చూసి చెప్పలేం

ఎముకల్లో అమర్చే ప్లేట్లు, రాడ్లు, స్క్రూల పదార్థాలను కణాలపై పరీక్షించడం నా వృత్తి. గుంటూరులో ఈ మాట ఎవరితో అన్నా వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: "అయితే మావాళ్ల ఒంటికి ఆ రాడ్డు పడుతుందో లేదో చూసి చెప్తారా?" చెప్పలేం. మా పరీక్షకూ మీవాళ్ల ఒంటికీ సంబంధమే లేదు.

మొన్న వేసవిలో తెనాలి దగ్గరి పల్లె నుంచి ఒకాయన వచ్చారు. చేతిలో ఐస్ ముక్కలు నింపిన టిఫిన్ డబ్బా, అందులో తల్లి రక్తం సీసా. ఆవిడ స్నానాల గదిలో జారిపడితే తుంటి విరిగింది. కొత్తపేటలో డాక్టరు ఆపరేషన్‌కు సిద్ధం కమ్మన్నారు. ఈలోగా బంధువొకరు "టెస్టు చేయించకుండా రాడ్డు వేస్తే ఒళ్లు తిప్పికొడుతుంది" అన్నారట. అంతే, ఆపరేషన్ ఆపించి, ఆవిడను ఇంటికి తీసుకెళ్లిపోయి, వాకబు చేసుకుంటూ మా గుమ్మం చేరారు. ఆయన్ని ఏమనగలం, తల్లి మీద బెంగ. ఆ సలహా ఇచ్చిన పెద్దమనిషి ఎదురుపడితే మాత్రం గట్టిగానే అనేదాన్ని. పెద్దవయసులో తుంటి విరిగితే, ఆరోగ్యం సహకరించినంతవరకు 48 గంటల్లోపే ఆపరేషన్ ముగించాలని చూస్తారు. మంచంలో గడిచే ప్రతి రోజుకూ న్యుమోనియా, వీపున పుండ్లు, కాళ్ల నాళాల్లో రక్తపు గడ్డల ముప్పు పెరుగుతుంది. డబ్బా ఆయన చేతికే ఇచ్చి, డాక్టరుకు నేనే ఫోను చేశాను.

ఇంతకీ మేం చేసేదేమిటంటే, పదార్థం ముక్కను కణాలకు పోసే పోషక ద్రవంలో 37 డిగ్రీల దగ్గర 24 నుంచి 72 గంటలు నానబెడతాం. అందులోకి ఊరినదేదైనా కణాలను చంపుతుందా అన్నదే ప్రశ్న. ఎక్కువగా వాడేది ఎల్929, 1940లలో ఒక ఎలుక నుంచి తీసి నేటికీ ల్యాబుల్లో పెంచుతున్న కణాలు. ఎముక కణాలే కావాలంటే ఎంజీ-63, అవీ ఎప్పుడో ఒక రోగి ఎముక క్యాన్సర్ గడ్డ నుంచి తీసినవే. 96 చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటులో ఈ కణాలకు ఆ ద్రవం పట్టించి, తర్వాత ఎంటీటీ అనే పసుపుపచ్చని రసాయనం పోస్తే, బతికున్న కణాలు దాన్ని ఊదారంగు స్ఫటికాలుగా మారుస్తాయి. పక్కనే కావాలని విషపు నమూనా ఒకటి పెడతాం. ఆ గుంటల్లో కూడా ఊదారంగు చిక్కగా వచ్చిందంటే ఆ రోజు పరీక్ష మొత్తం చెల్లదు. ఇదంతా సరుకు బజారుకు రాకముందే జరిగిపోతుంది. ఆ పెద్దావిడ రక్తం ఇందులో ఏ గుంటలో పోయాలి?

ఆపరేషనయ్యాక చీము పడితే "రాడ్డు పడలేదు" అనేస్తారు. చాలాసార్లు అది బాక్టీరియా చేరడం. ఇంట్లో కట్లు మార్చుకుంటూ కూర్చోకుండా ఆ రోజే సర్జన్ దగ్గరికి వెళ్లాలి.

కణాలన్నీ బతకాలన్న నియమమూ లేదు. ఐఎస్ఓ 10993-5 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం బతికున్నవి 70 శాతం కన్నా తగ్గితేనే అనుమానిస్తాం. అది దాటినంత మాత్రాన పదార్థం మంచిదనీ కాదు, ఎలర్జీ పరీక్షలు, జంతువుల్లో అమర్చి చూడటం ఇంకా ఉంటాయి.

స్టీలు చవకది కాబట్టి ప్రమాదమనీ, టైటానియమే వేయించాలనీ అప్పు చేసేవారున్నారు. ఎముకల్లో వేసే 316ఎల్ రకం స్టీలు దశాబ్దాలుగా వాడుకలో ఉన్నదే. కాకపోతే అందులో నికెల్ ఉంటుంది. గిల్టు నగలు పెట్టుకుంటే చెవులు, మెడ దద్దుర్లెక్కే మనిషైతే ఆ సంగతి ఆపరేషన్‌కు ముందే సర్జన్‌కు చెప్పండి. అవసరమనుకుంటే ఆయనే వేరే లోహం చూస్తారు.