గాలి చేతిలో తక్కెడ

ఆదివారం సాయంత్రం నాలుగింటికి చెన్నై మెరీనాలో, రోజూ నాతో నడిచే పెద్దాయన సముద్రంలోని తెల్లటి తెరచాపలను చూపించి అడిగారు: "ఏమండీ, పందెమంటే అందరూ ఒకే వైపు పోవాలి కదా! ఒకడు శాంథోమ్ వైపు, ఇంకొకడు రేవు వైపు పోతున్నాడు. దారి తప్పినవాడు ఎవడు?"

ఎవడూ తప్పలేదు. వాళ్లు చుట్టి రావలసిన గుర్తు గాలి వచ్చే దిక్కులోనే ఉంది. గాలికి నేరుగా ఎదురెళ్లడం ఏ తెరచాప పడవకూ చేతకాదు. సుమారు 45 డిగ్రీలు పక్కకు వాలి, కాసేపు కుడికీ కాసేపు ఎడమకూ మెలికలు తిరుగుతూ పైకి, అంటే గాలి వచ్చే వైపుకు, ఎక్కాలి. చాప రెక్కలా ఎలా పనిచేస్తుందో చెప్పే బొమ్మలు చాలా చూసే ఉంటారు, ఆ సంగతి వదిలేద్దాం. నా మోజంతా తక్కెడ మీద.

గాలికి అడ్డంగా సముద్రం మీద ఒక గీత ఊహించుకోండి. ఆ గీత మీద ఉన్న రెండు పడవలు ఎంత ఎడంగా ఉన్నా సరిసమానమే. గీత తక్కెడ కాడ, పడవలు రెండు పళ్లేలు. గాలి దిక్కు మారితే కాడ కూడా తిరుగుతుంది. గాలి ఏ వైపుకు జరిగితే ఆ వైపు పళ్లెం పైకి లేస్తుంది. మామూలు తక్కెడలో బరువైనది కిందికి దిగుతుంది, ఇక్కడ పైకి లేచినవాడిదే లాభం.

ఎంత లాభం? కాడ పొడవును, గాలి తిరిగిన కోణం సైనుతో గుణిస్తే వచ్చినంత. పడవల మధ్య ఎడం 100 మీటర్లు, గాలి తిరిగింది 10 డిగ్రీలు అనుకుందాం. ఒక పడవ 17 మీటర్లు పైకి చేరినట్టు. ఏటవాలుగా నడిచే దూరంలో లెక్కిస్తే దాదాపు 25 మీటర్లు. చెన్నై అమ్మాయి నేత్రా కుమనన్ టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో నడిపిన తరగతి పడవ పొడవు 4.23 మీటర్లు. అంటే కన్ను మూసి తెరిచేలోగా ఆరు పడవల ఆధిక్యం! చాపను ఎంతో నేర్పుగా బిగించి వేగం ఒక శాతం పెంచినా, 800 మీటర్లలో దక్కేది 8 మీటర్లే. మన బడుల్లో సైను అనగానే గోడకు ఆన్చిన నిచ్చెనే చూపిస్తారు. పిల్లలను ఒక్కసారి ఇక్కడికి తీసుకొస్తే ఆ నిచ్చెనకు విశ్రాంతి దొరుకుతుంది.

ఇక ఎత్తుగడలన్నీ ఈ కాడలోనే ఉన్నాయి. ఎడం 20 మీటర్లే అయితే అదే 10 డిగ్రీలకు ఏటవాలు దూరంలో తేడా 5 మీటర్లే. అందుకే ముందున్నవాడు ప్రత్యర్థికి దగ్గరగా జరిగి కాడను పొట్టిగా చేస్తాడు, పైగా తన చాప గాలినీడ, అంటే చాప అడ్డుపడి గాలి తగ్గే చోటు, వాడి మీద పడేలా చూస్తాడు. వెనకబడినవాడు దూరంగా వెళ్లి కాడను సాగదీస్తాడు. కానీ అది రెండు వైపులా ఒరిగే తక్కెడ. ఈ పందేల్లో మార్కులు రమ్మీలాగే, మొదటివాడికి 1, రెండోవాడికి 2, చివరికి తక్కువ ఉన్నవాడే విజేత. ఒకరోజు మొదటివాడిగా, మర్నాడు ముప్ఫయ్యోవాడిగా వచ్చే జూదగాడు ఇక్కడ నిలవడు.

మన తీరంలో వేసవి మధ్యాహ్నం తూర్పు నుంచి మొదలయ్యే సముద్రపు గాలి పొద్దు వాలే కొద్దీ ఆగ్నేయానికి తిరుగుతుంటుంది. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో కదిలే గాలి కుడికి మళ్లుతుంది. వేరే బలాలేవీ లేకపోతే ఆ మళ్లింపు గంటకు 30 డిగ్రీలను అక్షాంశం సైనుతో గుణించినంత. 13 డిగ్రీల మీదున్న చెన్నైకి దాదాపు 7. మళ్లీ ఆ సైనే! నేల వేడి, ఒత్తిడి తేడాలు ఈ లెక్కను అటూ ఇటూ చేసినా, తూర్పుకు ఎక్కే పడవకు దక్షిణపు పళ్లెం, అంటే శాంథోమ్ వైపుది, లేచే అవకాశమే ఎక్కువ.

ఈ మాట చెప్పగానే పెద్దాయన ముఖం ముడుచుకున్నారు. "దక్షిణమా? యముడి దిక్కండీ అది. ఈశాన్యమైతే బాగుండేది." వాస్తు సముద్రం మీదికి కూడా వచ్చిందన్నమాట.

ఇక్కడే ఒక చమత్కారం ఉంది. దక్షిణానికి వెళ్తున్న పడవకు గాలి ఆగ్నేయానికి తిరగగానే చాప ముందు అంచు దడదడలాడుతుంది, దానికి అతికించిన ఊలు దారం తలకిందులై ఎగురుతుంది. పడవ ముక్కు చుట్టి రావలసిన గుర్తు నుంచి ఇంకా పక్కకు తొలగుతుంది. కొత్తవాళ్లు అపశకునం అనుకుని బెంబేలెత్తుతారు. నిజానికి వాళ్ల పళ్లెం లేచిందని దారం చెబుతోంది! అటూ ఇటూ ఊగే గాలి అయితే వెంటనే మలుపు తిప్పాలి, లాభాన్ని మూట కట్టుకోవాలి. ఒకే వైపుకు ఒరుగుతూ పోయే గాలి అయితే పళ్లు బిగించి మరికొంత దూరం అటే వెళ్లాలి. ఏది ఏదో పోల్చుకోవడంలోనే నావికుడి తెలివంతా ఉంది.

ఆ సాయంత్రం శాంథోమ్ వైపు పడవ చాలాసేపు అటే పోయింది. పెద్దాయన "అయిపోయాడు వాడు" అన్నారు. తర్వాత అది చటుక్కున తిరిగి, రేవు వైపు నుంచి వస్తున్న పడవకు అడ్డంగా, మూడు పడవల ఎడంతో ముందు నుంచి దాటిపోయింది. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు.