ఉప్పుమడిలో నీళ్లు ఎందుకు ఎర్రబడతాయి?

నెల్లూరు జిల్లా ఇసకపల్లి వైపు ఉప్పుమడుల్లో మండువేసవికి నీళ్లు ఎర్రబారితే అరిష్టమని భయపడక్కర్లేదు, ఎవరో రసాయనం కలిపారని అనుమానించక్కర్లేదు. ఆ రంగు ప్రాణులది.

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. మడి నుంచి మడికి మళ్లిస్తూ ఎండబెడితే ముందు సున్నం, తర్వాత జిప్సం అడుక్కి దిగుతాయి. ఉప్పునీటి చిక్కదనాన్ని కొలిచే బామే లెక్కలో 25 డిగ్రీల దగ్గర ఉప్పు కట్టడం మొదలవుతుంది. 29 దాటాక మిగిలిన నీళ్లు తీసేయాలి, లేకుంటే మెగ్నీషియం చేరి ఉప్పు చేదెక్కి చెమ్మగిల్లుతుంది. ఉప్పు కట్టే ఆ చివరి మడిలో రాజ్యం హాలోబాక్టీరియం లాంటి ఆర్కియాలదే, అంటే బాక్టీరియాలా కనిపించినా వేరే కోవకు చెందిన ఏకకణ జీవులదే.

మాగాయ ముక్కకు ఉప్పు పట్టిస్తే ఊట దిగినట్టు, చిక్కటి ఉప్పునీరు మామూలు కణంలోని నీళ్లన్నీ లాగేస్తుంది. డునాలియెల్లా అనే ఆల్గే లోపల గ్లిజరాల్ నింపుకుని తట్టుకుంటుంది. హాలోబాక్టీరియం లోపల కూడా ఉప్పే నింపుకుంటుంది! సోడియాన్ని బయటికి తోసి పొటాషియాన్ని పోగేసుకుంటుంది: లీటరుకు దాదాపు 300 గ్రాముల పొటాషియం క్లోరైడ్ లెక్కన. లోపలా బయటా సరిసమానం, ఇక నీళ్లెందుకు పోతాయి?

కానీ అంత ఉప్పులో మన ప్రోటీన్లయితే తమ చుట్టూ ఉన్న నీటి పొర పోగొట్టుకుని ముద్దకట్టేస్తాయి. దీని ప్రోటీన్ల పైభాగం నిండా ఆస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్లాలు, అంటే రుణావేశాలు. అవి నీటినీ పొటాషియం అయాన్లనీ గట్టిగా పట్టుకుంటాయి. మంచినీళ్లలో వేస్తే ఇదే ప్రాణం తీస్తుంది. మధ్యనున్న అయాన్లు పోయి రుణావేశాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, ప్రోటీన్ మడత విప్పుకుంటుంది, కణం పగిలిపోతుంది. ఉప్పు సూక్ష్మజీవుల్ని చంపుతుందని బడిలో చెప్పేటప్పుడు ఈ ఒక్క మినహాయింపూ చెప్పాలి, పల్చటి వైపు నుంచి చిక్కటి వైపు పొర గుండా నీళ్లు పోయే ఆస్మాసిస్ పిల్లలకు అప్పుడే ఒంటబడుతుంది.

ఎరుపు మాత్రం బాక్టీరియోరుబెరిన్ అనే 50 కార్బన్ల వర్ణకానిది. ఎండ దెబ్బ నుంచి కణాన్ని కాస్తుంది. దీనితోపాటు ఊదారంగు ప్రోటీన్ ఒకటుంది, 1971లో ఓస్టర్‌హెల్ట్, స్టోకీనియస్ అనే శాస్త్రవేత్తలు దాని సంగతి బయటపెట్టారు. వెలుతురు తగలగానే ప్రోటాన్‌ను బయటికి నెడుతుంది, ఆ ఒత్తిడితో కణానికి శక్తినిచ్చే ఏటీపీ తయారవుతుంది. పత్రహరితం లేకుండానే ఎండతో బతుకు! రంగునీళ్లు ఎండను ఎక్కువ పీల్చి త్వరగా ఆవిరవుతాయి కనుక ఉప్పురైతుకూ మేలే.

నష్టం ఎండుచేపల దగ్గర. మడి ఉప్పు గళ్లలో చిక్కుకున్న ఈ జీవులు, ఉప్పుచేప సరిగా ఆరక చెమ్మపట్టి గాలి తగిలితే గులాబీ మచ్చలై పెరుగుతాయి, తర్వాత జిగురు, కంపు. మంచినీళ్లతో కడిగితే అవి చస్తాయి గానీ తడికి వేరే సూక్ష్మజీవులు చేరతాయి, అందుకే కడిగిన చేపను వెంటనే గట్టిగా ఎండబెట్టాలి. 10 డిగ్రీల సెల్సియస్ లోపు చల్లదనంలో ఉంచితే వీటి పెరుగుదల దాదాపు ఆగిపోతుంది.