తాబేలు గుడ్డును తిప్పకూడదు, ఎందుకని?

చెన్నై బీసెంట్ నగర్‌లో ఉండే తెలుగు పాఠకులొకరి ప్రశ్న: "సముద్ర తాబేలు పెట్టిన గుడ్లను తవ్వి తీసి ఇంకోచోట పాతడం ఎందుకు? వాటి మానాన వదిలేయొచ్చుగా?"

వీధికుక్కలూ వీధిదీపాలూ లేని తీరమైతే వదిలేయొచ్చు. చెన్నై తీరం అలాంటిది కాదు. కుక్కలు గూడు తవ్వి గుడ్లు తినేస్తాయి, దీపాల వెలుగు చూసి పిల్లలు సముద్రానికి బదులు ఊరి వైపు పోతాయి. ఇక్కడికి జనవరి నుంచి ఏప్రిల్ దాకా వచ్చేది ఆలివ్ రిడ్లే అనే సముద్ర తాబేలు. తమిళులు పంగుని ఆమై అంటారు. నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ దాకా రాత్రుళ్ళు నడిచి గూళ్ళు వెతికే విద్యార్థుల బృందం 1988 నుంచీ ఈ పని చేస్తోంది.

ఇందులో అసలు కష్టం తవ్వడం కాదు, గుడ్డు తిరగకుండా మోయడం.

కోడిగుడ్డు పగలగొట్టినప్పుడు పచ్చసొనకు అటూ ఇటూ మెలితిరిగిన తెల్లటి పోగులు కనిపిస్తాయి. పచ్చసొనను ఊయలలా పట్టి ఉంచేవి అవే. గుడ్డు ఎటు దొర్లినా పిండం పైకే వస్తుంది. పైగా పొదిగే కోడి రోజూ పలుమార్లు గుడ్లు తిప్పుతుంది, తిప్పకపోతే పిండం పొరకు అంటుకుపోతుంది. తాబేలు గుడ్డులో ఆ పోగుల్లేవు. అక్కడ పిండం పొరకు అంటుకోవడమే కావాలి! తల్లి కడుపులో ఆక్సిజన్ చాలక ఆగిన ఎదుగుదల, గుడ్డు బయటపడ్డ కొన్ని గంటల్లో మళ్ళీ మొదలవుతుంది. పిండం పచ్చసొన మీదికి తేలి పెంకు లోపలి పొరకు అతుక్కుంటుంది. తెల్లసొనలోని నీరు దాని కిందికి చేరుతుంది, పైన పెంకు ఆరి సున్నపు చుక్కలా తెల్లబడుతుంది. ఊపిరి ఆడేది ఆ చుక్క గుండానే. అప్పుడు గుడ్డు తలకిందులైతే లేత పొర చిరుగుతుంది, పిండం చచ్చిపోతుంది.

అందుకే ఆరు గంటల్లోపే తరలించాలి. తల్లి తాబేలు పాకిన జాడ చివర ఇసుకలో సన్నటి కర్ర గుచ్చుతూ పోతే, గూడు ఉన్నచోట అది చటుక్కున దిగుతుంది. బలంగా గుచ్చితే గుడ్లు పగులుతాయి. సుమారు వంద గుడ్లను ఒక్కొక్కటిగా, తడి ఇసుకతో సహా సంచిలోకి తీయాలి. కొత్త గుంత దాదాపు 45 సెంటీమీటర్ల లోతు, కూజాలా మెడ సన్నగా, అడుగు వెడల్పుగా ఉండాలి. తల్లి తవ్వేదీ అలాగే.

బడిలో ఆడా మగా అంటే ఎక్స్, వై క్రోమోజోముల దగ్గరే ఆపేస్తారు. ఈ తాబేలుకు అది వర్తించదు. పొదుగుకాలం నడిమి మూడోవంతులో ఇసుక వేడి 29 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే రెండూ పుడతాయి, పెరిగితే ఆడవి, తగ్గితే మగవి. చాలాసేపు 35 దాటి ఉంటే బతకడం కష్టం. మార్చి తర్వాతి గూళ్ళకు నీడ కట్టేది అందుకే.

తాబేలు చొరబడ్డ ఇల్లు బాగుపడదని తమిళంలో సామెత. ఆ మాట నమ్మి పిల్లల్ని వీటికి దూరం పెట్టడం అన్యాయం. ఒక్క గూడు పొదగడం చూస్తే జీవశాస్త్రం సగం అర్థమవుతుంది.

సుమారు 45 నుంచి 60 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. అవి వెళ్ళాక గూడు తవ్వి, పొదగని గుడ్లు విప్పి చూడాలి. లోపల చుక్కంత పిండమే ఉంటే మోసేటప్పుడు కుదిపారేమోనని అనుమానించాలి. పూర్తిగా ఎదిగి చనిపోయి ఉంటే వేడో, గూట్లోకి దిగిన నీరో కారణం కావచ్చు.