గడప ఎందుకు చివికింది?

దేవరకొండ దగ్గర మా ఊరి ఇంటికి టేకు దర్వాజ ఉంది, తాత చేయించింది. మొన్న దసరా ముందు గడపకు కొత్త రంగు వేయిద్దామని వడ్లాయనను పిలిపించాను. ఆయన రంగు సంగతి ఎత్తకుండా ఉలి తీసి గడప ఎడమ మూలన గుచ్చాడు. అది రెండు వేళ్ల లోతుకు దిగింది. బయటికి లాగితే మొనకు గోధుమరంగు పొడి, దాంతో పాటే చిన్న చిన్న చదరపు ముక్కలు రాలాయి. "పైరంగు జూసి మురువకు బిడ్డా, లోపలంత చివికింది" అన్నాడు.

అదే దర్వాజ పైభాగానికి మేం ఎన్నడూ రంగు వేయలేదు. ఎండకు బూడిదరంగు తేలి, సన్నని పగుళ్లతో చూడటానికి దిగులు పుట్టిస్తుంది. అక్కడ మాత్రం ఉలి మొన దిగనే లేదు. చెక్క ఎలా పాడవుతుందో ఈ ఒక్క దర్వాజలోనే కనిపించింది నాకు.

చెక్కలో సెల్యులోజ్ నార లాంటిది. ఆ నారను గట్టిగా పట్టి ఉంచే జిగురు లిగ్నిన్. ఎండలోని అతినీలలోహిత కిరణాలను లిగ్నిన్ పీల్చుకుని విరిగిపోతుంది. విరిగిన ముక్కలను వాన కడిగేస్తే పైన తెల్లని నార మిగిలి బూడిదరంగు కనిపిస్తుంది. ఈ దెబ్బ పైపొరకే. వెలుతురు చెక్కలోకి మిల్లీమీటరు లోతు కూడా సరిగ్గా పోదు. అందుకే నిండు ఎండలో, వానలో నిలబడిన చెక్క కూడా 100 ఏళ్లలో కొన్ని మిల్లీమీటర్లే అరుగుతుంది.

గడపను తిన్నది పుట్టగొడుగుల జాతి శిలీంధ్రం. అది సెల్యులోజ్‌ను తినేసి లిగ్నిన్‌ను వదిలేస్తుంది. ఉలికి అంటిన గోధుమరంగూ, చదరపు ముక్కలూ దాని గుర్తులే. టేకు చేవకు, అంటే మాను నడుమ ఉండే గట్టి చెక్కకు, ఇలాంటివి అంత తొందరగా పట్టవు. చేవ చుట్టూ ఉండే లేత చెక్కకు ఆ బలం లేదు. మా గడప మూలన ఉన్నది ఆ లేత చెక్కే. అయినా శిలీంధ్రం బతకాలంటే చెక్కలో తేమ దాని ఎండు బరువులో 20 శాతం దాటాలి. మే నెలలో మా నల్లగొండ గాలికి ఆరిన చెక్కలో 10 శాతం కూడా ఉండదు. మరి ఇంత పొడి నేలలో ఆ తేమ ఎక్కడిది?

మేం వేయించిన పసుపురంగు ఎనామిల్‌దే ఆ పని. రోజూ పసుపు రాసే శ్రమ అమ్మకు తప్పుతుందని ఆరేళ్ల కింద నేనే వేయించాను. వానాకాలంలో చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. రంగు పొర దానితో సాగలేక అతుకుల దగ్గర చిట్లుతుంది. పొద్దున వాకిలి కడిగిన నీళ్లు ఆ చీలికలో దూరతాయి. చెక్క కొసల్లో, చెట్టు నీళ్లు తాగిన సన్నని గొట్టాలు తెరుచుకునే ఉంటాయి కాబట్టి అక్కడి నుంచి ఇంకా లోపలికి పోతాయి. పైన రంగు మూత. ఇక ఆరేది ఎట్లా? అమ్మ రాసిన పసుపు ఆవిరికి అడ్డుపడేది కాదు. పొద్దున పదింటి ఎండకు గడప ఆరిపోయేది.

చెదలు వేరే కథ. గోడ మీద సన్నని మట్టి దారి కనిపిస్తే వెంటనే చూడాలి. మహబూబ్‌నగర్‌లోని పిల్లలమర్రి చెట్టును కూడా అవి వదల్లేదు. 2018లో సెలైన్ సీసాలు కట్టి చుక్కచుక్కగా మందు ఎక్కించాల్సి వచ్చింది.

ఇంటి చెక్కను మెత్తటి బ్రష్షుతో, కొద్దిగా సబ్బు నీళ్లతో, పోగు వెంబడే రుద్దితే చాలు. ఇనుప బ్రష్షు పోగును చీలుస్తుంది. తెల్లగా అవుతుందని బ్లీచింగ్ పోస్తే అది లిగ్నిన్‌నే తినేసి పైభాగాన్ని నూగులా లేపుతుంది. రెండు మూడు రోజులు బాగా ఆరాక అవిసె నూనె పలుచగా పట్టించి, పావుగంటకు మిగిలింది తుడిచేయాలి. పల్లి నూనె, కొబ్బరి నూనె వాడొద్దు. అవి జిడ్డుగానే ఉండి దుమ్మును పట్టుకుంటాయి. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, అదే దాని ప్రత్యేకత. ప్రమాదం కూడా అక్కడే ఉంది. గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే ఆ వేడి బయటికి పోలేక, అగ్గిపుల్ల గీయకుండానే మంట అంటుకోవచ్చు. ఈ మాట ఇంట్లో పనిచేసే ప్రతి ఒక్కరికీ చెప్పాలి.

వడ్లాయన చివికిన మూలను గట్టి చెక్క తగిలేదాకా కోసి, కొత్త టేకు ముక్క అతికాడు. కోసిన కొసలకు మూడుసార్లు నూనె తాపాడు. గడప నేలకు ఆనకుండా కింద షాబాద్ బండ ముక్కలు పెట్టి, మధ్యలో గాలికి వేలెడు సందు వదిలాడు. పాత రంగంతా గీకేశాడు. ఆ సాయంత్రం నూనె గుడ్డలను నేనే పెరట్లో దండెం మీద ఒక్కొక్కటిగా విప్పి ఆరేశాను.