ఆక్రోపోరా తినే ఫ్లాట్‌వార్మ్‌లు: అపోహలు - వాస్తవాలు

టెక్సస్‌లో ఇళ్లలోని రీఫ్ ట్యాంకులు (బతికున్న పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలు) చూసుకోవడం నా పని. (ఇండియాలో ఉన్నవారికి ముందే ఒక మాట: అక్కడ గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్-1లో ఉన్నాయి. ఇంట్లో పెంచుకోవాలని కొనకండి.) ఆక్రోపోరా అంటే కొమ్మలుగా పెరిగే గట్టి పగడం; దాన్ని తినే చదునైన పురుగే ఈ ఫ్లాట్‌వార్మ్. ఆక్రోపోరా పాలిపోతోందని నన్ను పిలిచేవాళ్లలో చాలామంది అప్పటికే ఒకసారి డిప్ చేసి (పగడాన్ని మందు కలిపిన నీళ్లలో ముంచి తీసి), పీడ వదిలిందనుకున్నవాళ్లే.

అపోహ: పురుగు ఉంటే కంటికి కనిపిస్తుంది.

వాస్తవం: కనిపించదు. ఇది పగడం కణజాలాన్నే తింటుంది, దాంతో ఒంటి రంగు కూడా ఆ కొమ్మ రంగులో కలిసిపోతుంది. కొరికిన గుర్తులు వెతకండి: కొమ్మల మొదట్లో, నీడ పడే వైపు, గుండ్రటి తెల్లటి మచ్చలు. అనుమానం వస్తే టర్కీ బాస్టర్‌తో (రబ్బరు బుడ్డి ఉన్న గొట్టం) నీళ్లు గట్టిగా చిమ్మండి. పల్చటి పొరల్లాంటివి ఊడి వస్తే అవే పురుగులు.

అపోహ: ఒక్కసారి డిప్ చేస్తే చాలు.

వాస్తవం: నేను చూసినంతలో ఎక్కువ పగడం కాలనీలు పోయింది ఈ నమ్మకం వల్లే. డిప్‌లో పురుగులు రాలిపోతాయి, గుడ్లకు ఏమీ కాదు. కణజాలం పోయి బయటపడ్డ తెల్లటి అస్థిపంజరం మీద గోధుమరంగు మచ్చల్లా గుంపుగా గుడ్లు పెడతాయి. నా సొంత ట్యాంకులో ఒక ఫ్రాగ్‌ను (పెంచడానికి కోసిన పగడం ముక్కను) డిప్ చేసి, దాన్ని అంటించిన పాత ప్లగ్‌తోనే (చిన్న దిమ్మతోనే) తిరిగి పెట్టాను. గుడ్లు ప్లగ్ అంచున ఉన్నాయి. నెలన్నరలో పక్క కాలనీకీ మచ్చలు వచ్చాయి, రెండూ పోయాయి. అప్పటి నుంచి ప్లగ్ కోసి పారేస్తాను, గుడ్లున్న చోటు గీకేస్తాను, గీకలేని చోట సూపర్ గ్లూ జెల్‌తో మూసేస్తాను.

లెక్క ఇలా ఉంటుంది. 27 డిగ్రీల సెల్సియస్ దగ్గర గుడ్లు పొదగడానికి సగటున 11 రోజులు పడుతుంది. ఒక తరం పూర్తవడానికి కనీసం 38 రోజులు. 24 డిగ్రీల దగ్గర అదే 64 రోజులు. అందుకే, కొత్తగా పొదిగినవి మళ్లీ గుడ్లు పెట్టేలోపే రాలిపోయేలా, వారానికోసారి, కనీసం ఆరు వారాలు డిప్ చేస్తాను. ట్యాంకు చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ వారాలు.

అపోహ: సిక్స్‌లైన్ రాస్ చేపను వదిలితే అదే తినేస్తుంది.

వాస్తవం: కొన్నిటిని తింటుంది, సంఖ్య తగ్గుతుంది. కొమ్మల సందుల్లో నక్కినవి మిగిలిపోతాయి.

అపోహ: ఎర్ర ఫ్లాట్‌వార్మ్‌ల మందు దీనికీ పనిచేస్తుంది.

వాస్తవం: ఆ ఎర్రవి వేరే జాతి. పగడాన్ని తినవు, దట్టంగా కప్పేసి వెలుతురు అందకుండా చేస్తాయి. చచ్చేటప్పుడు విషం వదులుతాయి కాబట్టి, ముందు సైఫన్‌తో వీలైనన్ని లాగేసి, తర్వాతే మందు వేసి, ఆపై యాక్టివేటెడ్ కార్బన్ పెట్టాలి. ఆ మందు ట్యాంకులో పోసినంత మాత్రాన ఆక్రోపోరా పురుగు పోతుందని నమ్మకండి.

అపోహ: ఆక్రోపోరాను వేరే ట్యాంకుకు మారిస్తే పాతది వెంటనే శుభ్రమైపోతుంది.

వాస్తవం: పిల్ల పురుగులు ఈదగలవు, ఆక్రోపోరా లేకుండా 9 రోజుల దాకా బతకగలవు. వాటి వెనక ఇంకా పొదగని గుడ్లు ఉంటాయి. నేను ఆరు వారాలు ఆక్రోపోరా లేకుండా ఉంచుతాను. రాతికి అంటుకుని మిగిలిన గోరంత ముక్కను కూడా గీకి తీసేయండి, అదొక్కటి ఉన్నా వాటికి తిండి దొరికినట్టే.