107 రూపాయల బిల్లు, రెండు రకాల పన్ను: ఫ్లోటింగ్ పాయింట్ లెక్కల నేపథ్యం

హైదరాబాద్‌లో ఓ హోటల్ బిల్లు 107 రూపాయలు అయిందనుకుందాం. సీజీఎస్టీ రెండున్నర శాతం, ఎస్‌జీఎస్టీ ఇంకో రెండున్నర. ఒక్కో పద్దు కింద 2.675 రూపాయలు రావాలి, పైసలకు సవరిస్తే 2.68. పైథాన్‌లో 107ను 0.025తో గుణించి రెండు దశాంశ స్థానాలకు రౌండ్ చేస్తే 2.68 వస్తుంది. అదే 107ను 2.5తో గుణించి, 100తో భాగించి రౌండ్ చేస్తే 2.67 వస్తుంది. బడి లెక్కలో రెండూ ఒకటే. ప్రోగ్రామ్‌లో పైసా తేడా.

తప్పు ప్రాసెసర్‌ది కాదు, రౌండ్ ఫంక్షన్‌దీ కాదు. కంప్యూటర్ దశాంశ సంఖ్యల్ని ఫ్లోటింగ్ పాయింట్‌లో, అంటే కొన్ని బైనరీ అంకెలు, బిందువు ఎక్కడుందో చెప్పే సంఖ్య కలిపి దాచుకుంటుంది. అందులో 64 బిట్ల రూపం పేరు డబుల్. అసలు 2.675 అనే సంఖ్యే డబుల్‌లో లేదు. దానికి కింద 2.67499999999999982..., పైన 2.67500000000000026... ఉన్నాయి. మధ్యలో ఏమీ లేదు. రెండో పద్ధతిలో 267.5 తేడా లేకుండా వస్తుంది. దాన్ని 100తో భాగించినప్పుడు ప్రాసెసర్ అన్నిటికన్నా దగ్గరి సంఖ్యను ఎంచుకుంటుంది, అది కిందది. మొదటి పద్ధతిలో 0.025 నిల్వ అయ్యేటప్పుడే పదిహేడు సున్నాల తర్వాత ఎక్కడో వెంట్రుకవాసి ఎక్కువగా నిల్వ అవుతుంది. ఆ ఎక్కువ 107 రెట్లు పెరిగి ఫలితాన్ని పైసంఖ్య వైపు నెడుతుంది. ప్రతి అడుగూ నిబంధన ప్రకారమే నడిచింది, జవాబు మాత్రం రాసిన తీరును బట్టి మారింది. కచ్చితత్వం పెంచడమంటే బిట్లు పెంచడమేనని చాలామంది అనుకుంటారు. ఈ రంగం చరిత్ర చూస్తే పని ఎక్కువగా జరిగింది రాసే తీరు మీదే.

తెగని భిన్నాల బాధ హైదరాబాద్ పద్దులకు పాతదే. నిజాం నాణెం హాలీ సిక్కా చెల్లిన కాలంలో 7 హాలీ రూపాయలకు 6 భారత రూపాయలు మారకం. 6ను 7తో భాగిస్తే 0.857142 అంటూ తిరిగి తిరిగి వస్తుందే తప్ప తెగదు. పాత అణాల పద్ధతి మాత్రం చాలావరకు బైనరీకి సరిపోయేది. అర్ధరూపాయి, పావలా, బేడ, అణా అంటే రూపాయిలో 2, 4, 8, 16వ వంతులు. అణాలో నాలుగో వంతైన పాత పైసా 64వ వంతు. అన్నీ డబుల్‌లో పొల్లు పోకుండా ఇముడుతాయి. 1957 ఏప్రిల్‌లో రూపాయికి వంద నయాపైసలు చేశాక మనుషులకు లెక్క సులువైంది, రాబోయే యంత్రాలకు చిక్కు పడింది. వందో వంతు బైనరీలో ఎన్నటికీ తెగదు మరి.

ఫ్లోటింగ్ పాయింట్ ఆలోచన కంప్యూటర్లంత పాతది. 1941లో బెర్లిన్‌లో కొన్రాడ్ జూసె పూర్తిచేసిన జెడ్3 యంత్రం 22 బిట్ల బైనరీ ఫ్లోటింగ్ పాయింట్‌లోనే లెక్క చేసేది. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలు ఎవరి దారి వారిదే. 1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 పదహారు ఆధారంగా లెక్క చేసేది. దాని చిన్న ఫార్మాట్‌లో 24 బిట్లు ఉన్నా మొదటి అంకె చిన్నదైతే మూడు బిట్లు సున్నాలై 21 మాత్రమే పనికొచ్చేవి. డబుల్ ఫార్మాట్‌లో గార్డ్ డిజిట్, అంటే తీసివేతలో తాత్కాలికంగా ఉంచుకునే అదనపు అంకె, మొదట్లో లేదు. గణిత ప్రోగ్రాములు రాసేవాళ్లు గోల పెట్టాక, కస్టమర్ల దగ్గర అప్పటికే నడుస్తున్న యంత్రాలకు సైతం ఐబీఎం దాన్ని తర్వాత అమర్చాల్సి వచ్చింది. 1967లో హైదరాబాద్‌లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ టీడీసీ శ్రేణి మినీ కంప్యూటర్లు తయారుచేసింది ఈ గందరగోళపు కాలంలోనే. ఒక యంత్రంలో సరిగా నడిచిన ప్రోగ్రామ్ ఇంకో యంత్రంలో సున్నాతో భాగించి ఆగిపోవడం అప్పట్లో వింత కాదు.

హార్డ్‌వేర్‌ను నమ్మలేని ఆ రోజుల్లోనే చక్కటి ఉపాయాలు పుట్టాయి. అన్నిటికన్నా ఎక్కువగా వాడుకలో ఉన్నది 1965లో గణిత శాస్త్రవేత్త విలియం కహాన్ ప్రచురించిన కూడిక. పెద్ద మొత్తానికి చిన్న సంఖ్య కలిపినప్పుడు చిన్నదాని చివరి అంకెలు రాలిపోతాయి. రాలినదెంతో పక్కన రాసిపెట్టుకుని, తర్వాతి సంఖ్యతో కలిపి మళ్లీ లోపలికి తెస్తాడు కహాన్. లూప్‌లో నాలుగే వరుసలు:

సరి = సంఖ్య − మిగులు
కొత్త = మొత్తం + సరి
మిగులు = (కొత్త − మొత్తం) − సరి
మొత్తం = కొత్త

బడి బీజగణితం ప్రకారం మూడో వరుస ఎప్పుడూ సున్నాయే. రౌండింగ్ ఉన్నచోట మాత్రం అది రాలిపోయిన భాగాన్ని పట్టి ఇస్తుంది. 32 బిట్ల ఫ్లోట్‌లో 0.1ని కోటిసార్లు మామూలుగా కూడితే పది లక్షలు రావాల్సిన చోట పది లక్షల ఎనభై ఏడు వేలు దాటుతుంది. ఈ నాలుగు వరుసలతో అంత తేడా మాయమవుతుంది. ఒక లోపం మాత్రం ఉంది. వచ్చే సంఖ్య అప్పటిదాకా అయిన మొత్తం కన్నా పెద్దదైతే రాలేది మొత్తం తాలూకు అంకెలు, ఈ పద్ధతి వాటిని పట్టదు. 1, 10^100, 1, −10^100 వరుసగా కూడి చూడండి. జవాబు 2 రావాలి, మామూలు కూడికా కహాన్ కూడికా రెండూ 0 చూపిస్తాయి. రెండింటిలో ఏది పెద్దదో చూసి మిగులు తీసే సవరణను 1974లో న్యూమయర్ ఇచ్చాడు, దానితో 2 వస్తుంది. పైథాన్ 3.12 నుంచి మామూలు సమ్ ఫంక్షనే ఫ్లోట్లకు ఇలా మిగులు పట్టి కూడుతోంది. అందుకే 0.1ని పదిసార్లు కూడితే పాత వెర్షన్‌లో 0.9999999999999999, కొత్తదాంట్లో 1.0. వెర్షన్ మార్చగానే పాత టెస్టులు ఫెయిలైతే ముందు చూడాల్సిన చోట్లలో ఇదొకటి. 1971లో డెక్కర్ ఇదే దారిలో ఇంకా ముందుకెళ్లి, రెండు మామూలు సంఖ్యల్ని జంటగా పెట్టి దాదాపు రెట్టింపు అంకెలు మోసే పద్ధతి చూపించాడు. డబుల్-డబుల్ అంటున్నది దాన్నే.

హార్డ్‌వేర్ దారికి వచ్చింది ఇంటెల్ 8087తో. 1980లో వచ్చిన ఈ ఫ్లోటింగ్ పాయింట్ లెక్కల చిప్‌కు కహాన్ సలహాదారు. అదే సమయంలో అన్ని యంత్రాలకూ ఒకే ప్రమాణం కోసం జరిగిన చర్చల్లో పెద్ద గొడవ అండర్‌ఫ్లో మీద. మరీ చిన్న సంఖ్యల్ని ఒక్కసారిగా సున్నా చేసేయాలా, అంకెలు వదులుకుంటూ మెల్లగా సున్నాకు దించాలా? వ్యాక్స్ యంత్రాల కంపెనీ డెక్ మెల్లగా దించడాన్ని వ్యతిరేకించింది. ఆ కంపెనీయే నియమించుకున్న నిపుణుడు అధ్యయనం చేసి, మెల్లగా దించడమే సరైనదన్నాడు. 1985లో ఐఈఈఈ 754 ప్రమాణం వచ్చింది, 1989లో కహాన్‌కు ట్యూరింగ్ అవార్డు దక్కింది. ఆ ప్రమాణం ఇచ్చిన హామీ చిన్నదే, కానీ గట్టిది: కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం ఒక్కొక్కటీ అసలు జవాబుకు అన్నిటికన్నా దగ్గరి సంఖ్యనే ఇవ్వాలి. వీటిని వరుసగా కలిపి చేసే లెక్క గురించి అది ఏమీ చెప్పదు. హోటల్ బిల్లు దగ్గర జరిగింది అదే.

ఈ విషయంలో అందరూ ఉదాహరించే పేట్రియాట్ క్షిపణి దుర్ఘటన నిజానికి ఫ్లోటింగ్ పాయింట్ తప్పు కాదు. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో, పేట్రియాట్ అడ్డుకోలేకపోయిన శత్రు క్షిపణి పడి 28 మంది అమెరికా సైనికులు చనిపోయారు. కాలాన్ని సెకనులో పదో వంతుల్లో లెక్కించే 24 బిట్ల ఫిక్స్‌డ్ పాయింట్ (బిందువు స్థానం కదలని) రిజిస్టర్‌లో 0.1 తెగ్గోసి ఉంది. వంద గంటలు ఆపకుండా నడిచేసరికి తేడా 0.34 సెకన్లు దాటింది. అసలు గమనించాల్సింది ఇంకోటి. మెరుగైన మార్పిడి కోడ్ అప్పటికే రాశారు, కానీ దాన్ని వాడాల్సిన అన్ని చోట్లా పెట్టలేదు. రెండు సమయాల మధ్య తేడా తీసేటప్పుడు రెండింటిలో ఒకే తప్పు ఉంటే కొట్టుకుపోయేది. ఒకటి సరిదిద్దినది, ఒకటి పాతది కావడంతో తప్పు పూర్తిగా మిగిలింది. సగం సరిదిద్దడం ప్రమాదమని ఇంత స్పష్టంగా చూపే ఉదాహరణ ఇంకోటి దొరకదు.

ప్రమాణం వచ్చాక సమస్య కంపైలర్ల, అంటే ప్రోగ్రామ్‌ను యంత్ర సూచనలుగా మార్చే సాఫ్ట్‌వేర్ల మీదికి మారింది. 8087 లోపల 80 బిట్లు ఉంచుకునేది. మధ్య ఫలితాలకు 11 బిట్లు ఎక్కువ ఉండటం మంచిదే, కానీ రిజిస్టర్ చాలక విలువను మెమరీలో పెడితే ఆ బిట్లు పోతాయి. ప్రింట్ వరుస ఒకటి చేర్చగానే జవాబు మారడం వెనక కథ ఇదే. 2000లో పెంటియమ్ 4తో వచ్చిన ఎస్ఎస్ఈ2, అంటే డబుల్‌ను 64 బిట్లలోనే లెక్క చేసే సూచనల వరుస, దాన్ని చాలావరకు మాన్పింది. ఇప్పటి తలనొప్పులు రెండు. ఒకటి ఫాస్ట్-మ్యాథ్ ఆప్షన్: బడి బీజగణితాన్ని నమ్మే అనుమతి కంపైలర్‌కు ఇస్తుంది కాబట్టి కహాన్ మూడో వరుసను సున్నా చేసి తీసేస్తుంది. ప్రోగ్రామ్ వేగంగా నడుస్తుంది, మిగులు మాత్రం ఎక్కడా ఉండదు. రెండోది ఎఫ్ఎంఏ, గుణకారం కూడిక కలిపి ఒకేసారి రౌండ్ చేసే సూచన. 1990లో ఐబీఎం ఆర్ఎస్/6000తో వచ్చి, 2008 సవరణలో ప్రమాణంలో చేరింది. మామూలుగా కచ్చితత్వాన్ని పెంచుతుంది. కానీ x×x − y×y లాంటి చోట, రెండూ సమానమైనా, ఒక గుణకారం రౌండ్ అయి రెండోది కాకపోవడంతో సున్నాకు బదులు చిన్న రుణ సంఖ్య రావచ్చు. దానికి వర్గమూలం తీస్తే నాన్, అంటే ‘సంఖ్య కాదు’ అనే గుర్తు వస్తుంది. ఇంటెల్ సర్వర్‌లో బాగానే నడిచినది ఆర్మ్ సర్వర్‌కు మార్చాక ఇలా విరిగితే, ఎఫ్ఎంఏగా కలపనిచ్చే ఎఫ్‌పీ-కాంట్రాక్ట్ ఆప్షన్ ఆఫ్ చేసి మళ్లీ నడిపి చూడటం మొదటి పని.

నిజంగా అంకెలు మింగేది దాదాపు సమానమైన రెండు సంఖ్యల తీసివేత. √(x+1) − √x తీసుకోండి. x లక్ష కోట్లు, అంటే 10^12 అయితే జవాబు 0.0000005కు కాస్త లోపల ఉండాలి. డబుల్‌లో వచ్చేది 0.00000050000380..., పదహారు అంకెల్లో అయిదే మిగిలాయి. 10^16 అయితే x+1 కూడా x గానే మిగిలి సున్నా వస్తుంది. దీన్నే 1/(√(x+1) + √x) అని రాస్తే తీసివేత ఉండదు, అంకెలన్నీ నిలుస్తాయి. ఒక్క బిట్ కూడా పెంచలేదు. వర్గ సమీకరణం సూత్రానికీ ఇదే చికిత్స. చిన్న వడ్డీ రేట్ల లెక్కల్లో 1కి అతి చిన్న సంఖ్య కలిపి లాగరిథమ్ తీసేచోట లాగ్1పీ, ఘాతం లెక్కించి 1 తీసేసేచోట ఎక్స్‌పీఎం1 వాడాలి. సీ భాషలో సీ99 ప్రమాణం నుంచి ఈ ఫంక్షన్లు ఉన్నాయి.

ఈ రాత మార్చే పనిని యంత్రానికి అప్పగించింది 2015లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన హెర్బీ అనే సాఫ్ట్‌వేర్. సూత్రం ఇస్తే చాలు. వేర్వేరు విలువలు ఏరి, కావలసినన్ని అంకెలతో లెక్క చేసే ఎంపీఎఫ్ఆర్ లైబ్రరీతో నిజమైన జవాబు కట్టి, ఏ అడుగులో అంకెలు పోతున్నాయో చూసి, బీజగణిత నియమాలతో తిరగరాస్తుంది. అవసరమైతే x పరిధిని ముక్కలు చేసి ఇఫ్‌లు పెడుతుంది. వాడేవాళ్లకు ఒక హెచ్చరిక: మీ డేటా పరిధి ముందే చెప్పాలి. లేకపోతే 10^−300 దగ్గర మీకెప్పుడూ రాని విలువల కోసం కోడ్‌ను మెలికలు తిప్పి ఇస్తుంది.

డబ్బు లెక్కల దారి వేరు. 2008 సవరణలో దశాంశ ఫార్మాట్లు వచ్చాయి కానీ మామూలు సర్వర్ చిప్‌లలో వాటి హార్డ్‌వేర్ ఉండదు. కాబట్టి పైసల్ని పూర్ణాంకాలుగా ఉంచడం, డేటాబేస్‌లో డెసిమల్ కాలమ్ వాడటమే పద్ధతి. జావా బిగ్‌డెసిమల్‌కు 0.1ని డబుల్‌గా ఇస్తే 0.1000000000000000055 అంటూ తోకతో సహా తీసుకుంటుంది. కోట్స్‌లో పెట్టి స్ట్రింగ్‌గా ఇవ్వాలి. పన్నును దగ్గరి రూపాయికి సవరించాలని, 50 పైసలు గానీ అంతకు మించి గానీ ఉంటే పైకి చేయాలని సీజీఎస్టీ చట్టం 170వ సెక్షన్ చెబుతుంది. ఆ యాభై పైసల గీత దగ్గర డబుల్‌ను నమ్మకూడదు.

చాలా ప్రాసెసర్ల మీద నడిచే లెక్కల్లో ఇంకో చిక్కు: కూడే వరుస మారితే మొత్తం మారుతుంది. సముద్ర మట్టం ఎత్తును భూగోళమంతా కూడే నమూనాల్లో ఇది ఇబ్బంది పెడుతోందని, డబుల్-డబుల్ కూడికతో సరిచేయవచ్చని 2001లోనే పరిశోధకులు చూపారు. ప్రగతినగర్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ లాంటి సంస్థల్లో సముద్ర నమూనాలు నడిపేవాళ్లకు దగ్గరి విషయమిది. రెండుసార్లు నడిపితే ఒకే జవాబు రావాలంటే ఆ ఒక్క కూడిక మార్చుకుంటే చాలు, ప్రోగ్రామ్ అంతటినీ 128 బిట్లకు తీసుకెళ్లక్కర్లేదు.

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఏఐ పని చేసేవాళ్ల దగ్గర బిట్లు తగ్గుతున్నాయి. 16 బిట్ల ఫార్మాట్ అయిన బీఫ్లోట్16లో 256కి 1 కలిపితే 256గానే ఉంటుంది. ఇంకో 16 బిట్ల ఫార్మాట్ ఎఫ్‌పీ16లో 2048 దగ్గర, 32 బిట్లలో 1,67,77,216 దగ్గర అదే జరుగుతుంది. అందుకే గుణకారం చిన్న ఫార్మాట్‌లో, కూడిక పెద్ద ఫార్మాట్‌లో చేయడం ఆనవాయితీ. అది కూడా అన్నిసార్లూ చాలదు. 2024 డిసెంబర్‌లో చైనా ఏఐ నమూనా డీప్‌సీక్-వీ3 నివేదిక, ఎన్విడియా హెచ్800 చిప్‌లో 8 బిట్ల మ్యాట్రిక్స్ గుణకారానికి కూడిక సుమారు 14 బిట్ల దగ్గరే ఆగుతోందని, 4096 సంఖ్యలు కూడితే గరిష్ఠ తేడా 2 శాతానికి దగ్గరగా వస్తోందని రాసింది. వాళ్లు చేసింది, ప్రతి 128 సంఖ్యలకు ఒకసారి పాక్షిక మొత్తాన్ని బయటికి తీసి, మామూలు కోర్‌లలో 32 బిట్లలో కూడటం.